‘నేను దేనికీ పనికిరాను’ అనిపించినప్పుడు: దోనె, ఓడు, మట్టి పువ్వు

ఓం నమో వేంకటేశాయ.



గుండుగొలను సత్సంగంలో చెప్పుకున్న మాటలు రాసి పెట్టమని చాలామంది అడిగారు. ఆ రోజు రాలేకపోయిన పెద్దవాళ్ళు ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుంటామన్నారు. అందుకని ఆ రోజు చెప్పినవీ, సమయం చాలక వదిలేసినవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. తాపీగా చదవండి. ఇంట్లో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఒక్క మాట దెబ్బ

ఈ మధ్య మన ఇళ్ళల్లో ఒక మాట బాగా తిరుగుతోంది. ‘వేస్ట్’. మిగిలిపోయిన కూర వేస్ట్. పగలు వెలిగే లైటు వేస్ట్. బస్సు కోసం నిలబడితే టైమ్ వేస్ట్. అక్కడితో ఆగితే ఫరవాలేదు. "మావాడొట్టి వేస్ట్ గాడండి" అని కన్నకొడుకు గురించి తండ్రి నలుగురిలో అంటున్నాడు. "నేను వేస్ట్‌లే రా" అని ఆ కొడుకే స్నేహితుల దగ్గర నవ్వుతూ అంటున్నాడు. వాడు నవ్వుతున్నాడు కదా అని మనమూ నవ్వేస్తాం. ఆ మాట లోపల ఎంత లోతుకి దిగిందో మనకి కనిపించదు.

మన పెద్దల సామెత ఒకటుంది. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు. కుమ్మరి ఏడాదంతా మట్టి తెచ్చి, తొక్కి, సారె మీద తిప్పి, ఆరబెట్టి, ఆవంలో కాల్చి పేర్చుకున్న కుండలకి ఒక్క దుడ్డుకర్ర దెబ్బ చాలు. పిల్లవాణ్ణి పదిహేడేళ్ళు పెంచుతాం. ఉగ్గు పెట్టి, జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని, ఫీజు కోసం అప్పు చేసి పెంచుతాం. ఒక సాయంత్రం మార్కులు చూసి ఒక్క మాట అంటాం. అదే గుదియ పెట్టు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఏ బిడ్డ మనసులో ఏముందో మనం చెప్పలేం, చెప్పకూడదు. కానీ ఒక కాగితం మీద ఉన్న అంకే తన మొత్తం విలువ అని ఒక పిల్లవాడికి అనిపించిందంటే, ఆ లెక్క వాడు తల్లి కడుపులోంచి తెచ్చుకోలేదు. మన మధ్యనే నేర్చుకున్నాడు.

పిల్లలే కాదండి. "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడగండి ఏ ఇల్లాలినైనా. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే మనిషి, "ఏం లేదండి, ఇంట్లోనే ఖాళీ" అంటుంది. నలభై ఏళ్ళు వ్యవసాయం చేసి మంచాన పడ్డ పెద్దాయన, "ఇంక నేనెందుకున్నట్టు? ఆ యముడికి నా చీటీ ఎక్కడో పడిపోయినట్టుంది" అంటాడు. పిల్లవాడు అన్నది, ఇల్లాలు అన్నది, పెద్దాయన అన్నది ఒక్కటే మాట. నేను దేనికీ పనికిరాను.

దీనికి జవాబు పెద్ద గ్రంథాల్లో వెతికేముందు మన చుట్టూ ఉన్న వస్తువుల్ని అడుగుదాం. అవి అబద్ధం చెప్పవు.

డొల్లగా ఉన్నదే దాటించింది

గుండుగొలను పేరులోనే కొలను ఉంది. దక్షిణంగా పోతే కొల్లేరు. ఆ లంక గ్రామాల్లో పెద్దవాళ్ళని తాటి దోనె గురించి అడిగి చూడండి, కళ్ళు మెరుస్తాయి. ఇంజను పడవలు రాకముందు వలకి వెళ్ళాలన్నా, గడ్డి తెచ్చుకోవాలన్నా, పక్క లంకలో చుట్టాలింటికి పోవాలన్నా దోనే కదా. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లిని చూడాలన్నా నీళ్ళు దాటాల్సిందే.

దోనె ఎలా చేస్తారు? తాడిచెట్టు నిలబడి ఉన్నన్నాళ్ళూ ముంజెలిస్తుంది, కల్లు ఇస్తుంది, కప్పుకోవడానికి ఆకు ఇస్తుంది. అన్నీ అయిపోయాక కొట్టేస్తారు. మొదలు వైపు లావుపాటి ముక్క తీసుకుని, లోపలున్న మెత్తటి పీచంతా తవ్వి పారేస్తారు. పైన గట్టి డొల్ల మిగులుతుంది. దాన్ని నీళ్ళ మీద పెడితే అది దోనె.

‘డొల్ల’ అంటే మన భాషలో తిట్టు. "వాడిదంతా డొల్ల" అంటాం. కానీ లోపల పీచు నిండుగా ఉన్న దుంగ మీద ఎక్కి కూర్చుని చూడండి, గిర్రున తిరిగి నీళ్ళలో పడేస్తుంది. లోపల ఖాళీ చేసిన దుంగే మనిషికి చోటిచ్చింది. మన జీవితంలో కూడా కొన్ని ఖాళీలు ఉంటాయి. తండ్రి చిన్నప్పుడే పోయాడు, ఆ చోటు ఖాళీ. పెళ్ళయి పదేళ్ళయినా పిల్లల్లేరు, ఆ ఒడి ఖాళీ. ఉద్యోగం పోయింది, రోజంతా ఖాళీ. ఖాళీ బాధ పెడుతుంది, కాదనను. ఉలితో తవ్వేటప్పుడు దుంగకి నోరుంటే అరిచేది. కానీ ఊరందరికంటే ముందు ఇంకొకరి ఏడుపు వినగలిగేది ఎవరు? అలాంటి ఖాళీ తెలిసిన మనిషే. తండ్రి లేని పిల్లవాడి భుజం మీద చెయ్యి ఎలా వెయ్యాలో, తండ్రి లేకుండా పెరిగినవాడికి ఒకరు నేర్పక్కర్లేదు.

ఇక కొల్లేరునే చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటివి వచ్చి ఇందులో కలుస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. దూరం నుంచి చూసినవాళ్ళకి అది నాచు, గుర్రపుడెక్క, బురద. ఊరికే పడున్న నీళ్ళు అనిపిస్తుంది. కానీ పైనుంచి వరద వచ్చినప్పుడు దాన్ని తనలో పట్టి ఉంచి మెల్లగా వదిలేది ఆ ఊరికే పడున్న నీళ్ళే. ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు వచ్చి ఆటపాకలో గూళ్ళు కట్టుకునేది ఆ నీళ్ళను నమ్ముకునే. 1999లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రపంచంలో కాపాడుకోవలసిన చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనేది ఇక్కడ మన మాట కాదు. చెరువు తవ్వుకున్నవాడికీ కడుపుంది. నేను చెప్పేది ఒక్కటే. చూసేవాడి కంటికి ఖాళీగా కనిపించిన చోటు నిజంగా ఖాళీ కాదు. మన లెక్కకి అందని పని ఏదో అక్కడ జరుగుతూ ఉంటుంది.

ఇల్లాలు "ఖాళీ" అన్నప్పుడు నాకు కొల్లేరే గుర్తొస్తుంది. ఇంట్లో ఒకడి కోపం, ఇంకొకడి అప్పు, మరొకరి జబ్బు అన్నీ వచ్చి ఆవిడలోనే కలుస్తాయి. ఆవిడ పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది కాబట్టే ఇల్లు మునగడం లేదు.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

ఇక్కడిదాకా చెప్పేసరికి అందరూ తల ఊపారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకమ్మ లేచింది. "అయ్యా, దోనె మనుషుల్ని దాటిస్తుంది కాబట్టి దానికి విలువ అన్నారు. కొల్లేరు వరద ఆపుతుంది కాబట్టి విలువ అన్నారు. మా అబ్బాయికి ఇరవై రెండేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ మంచం మీదే. వాడు ఎవరినీ దాటించలేడు, దేన్నీ ఆపలేడు. మరి వాడి సంగతేంటండి?"

సభ అంతా నిశ్శబ్దం అయిపోయింది.

ఆ ప్రశ్నని తప్పించుకుని పోతే ప్రవచనం చెప్పడం అనవసరం. ఆవిడ చెప్పింది నిజం. వస్తువుల్ని చూపించి మనిషికి ధైర్యం చెప్పడంలో ఒక మెలిక ఉంది. వస్తువు అరిగిపోతే మనమేం చేస్తాం? దోనె పుచ్చిపోతే పొయ్యిలోకి పోతుంది. చీపురు అరిగితే పెంట మీదకి పోతుంది. పనికొస్తేనే విలువ అనే లెక్కలో ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఒక్కరూ సున్నా అవుతారు. ఇవాళ ఆ అబ్బాయి, రేపు ఆ పెద్దాయన, ఎల్లుండి మీరూ నేనూ. కాబట్టి మనకి కావలసింది ‘నువ్వు కూడా ఏదో ఒకదానికి పనికొస్తావులే’ అనే ఓదార్పు కాదు. అంతకంటే గట్టి నేల కావాలి.

ఆ నేల నాకు ఒక కుమ్మరి ఇంట్లో దొరికింది. కథ మీకు తెలిసిందే. కానీ ఒక చోట మనం ఆగకుండా దాటిపోతాం. ఇవాళ అక్కడ ఆగుదాం.

మట్టి పువ్వుకి ఏం పని?

వేంకటాచల మాహాత్మ్యంలో భీముడనే కుమ్మరి భక్తుడి కథ ఉంది. కుర్వ గ్రామం వాడు. కురువనంబి అని కూడా ఆయన్ని పిలుస్తారు. రోజూ కుండలు చేసుకుని బతికే మనిషి. గుడికి వెళ్ళే తీరిక లేదు. ఇంట్లోనే శ్రీనివాసుడి కొయ్యబొమ్మ పెట్టుకున్నాడు. పని అయ్యాక చేతులకి మట్టి అంటుకుని మిగులుతుంది కదా, ఆ మట్టితోనే ఒక పువ్వు చేసి స్వామికి పెట్టేవాడు. కథ చెప్పేవాళ్ళలో కొందరు తులసి అంటారు, కొందరు కమలం అంటారు. ఏదైనా మట్టిదే.

అదే సమయంలో కొండ మీద తొండమాన్ చక్రవర్తి రోజూ బంగారు పూలతో స్వామిని అర్చిస్తున్నాడు. ఒకరోజు చూస్తే తన బంగారు పూలు పక్కకి పోయి ఉన్నాయి, స్వామి పాదాల దగ్గర మట్టి పూలు ఉన్నాయి. రాజుకి మనసు చివుక్కుమంది. స్వామిని అడిగితే భీముడి సంగతి చెప్పాడు. రాజు తానే వెతుక్కుంటూ ఆ కుమ్మరి గుడిసెకి వెళ్ళాడు. ఆ భీముడికీ ఆయన భార్యకీ స్వామి వైకుంఠం ఇచ్చాడు. ఇదీ కథ.

సాధారణంగా మనం ఇక్కడ ఏం చెప్పుకుంటాం? బంగారం కంటే భక్తి గొప్పది అని. నిజమే. కానీ ఆ రోజు ఆ తల్లికి చెప్పింది ఇంకో సంగతి.

అమ్మా, కుమ్మరి రోజంతా ఏం చేశాడు? కుండలు, మూకుళ్ళు, బానలు, ప్రమిదలు చేశాడు. కుండలో అన్నం వండుకుంటాం. బానలో నీళ్ళు పోస్తాం. ప్రమిదలో దీపం పెడతాం. అన్నీ పనికొచ్చేవే. అవన్నీ ఎక్కడికి వెళ్ళాయి? సంతకి వెళ్ళాయి. మరి మట్టి పువ్వు దేనికి పనికొస్తుంది? అందులో నీళ్ళు నిలవవు. వాసన రాదు. జడలో పెట్టుకోలేం. సంతలో పెడితే ఒక్కడు కొనడు. కుమ్మరి చేతిలో తయారయ్యే వాటన్నిటిలోకీ పనికిమాలినది అదొక్కటే. పైగా దాని మట్టి కూడా మిగిలిపోయిన మట్టి.

పనికొచ్చినవి సంతకి వెళ్ళాయి. పనికిరానిది స్వామి పాదాలకి చేరింది.

ఆ పువ్వు అక్కడికి ఎందుకు చేరింది? ఏదో చేస్తుందని కాదు. ఒకడు ప్రేమతో చేశాడు, ఇంకొకడు ప్రేమతో పుచ్చుకున్నాడు. అంతే. మధ్యలో ‘దీనివల్ల ఉపయోగం ఏమిటి’ అనే ప్రశ్నే రాలేదు. గీత తొమ్మిదో అధ్యాయంలో పరమాత్మ అడిగినవి చూడండి. ఆకు, పువ్వు, పండు, నీళ్ళు. ఆయనకి ఆకలేసి అడిగాడా? దాహమేసి అడిగాడా? ఇచ్చేవాడి మనసు చూడటానికి అడిగాడు.

కాబట్టి అమ్మా, నీ బిడ్డ పనికొస్తాడా, రాడా అనే కొలత సంతలోది. స్వామి దగ్గర ఆ తక్కెడే లేదు. నువ్వు రోజూ వాడికి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, నోట్లో ముద్ద పెడుతున్నావు. అప్పుడు నువ్వు పట్టుకున్నది ఆ మట్టి పువ్వునే. దాని చోటు ఎక్కడో కథలో చెప్పారు కదా.

ఆవిడ ఇంకేం అనలేదు. "మళ్ళీ ఒకసారి చెప్పండి" అంది. మళ్ళీ చెప్పాను.

మరైతే పని మానేసి కూర్చోవచ్చా అని కుర్రాళ్ళు అడుగుతారు. భీముడు సారె తిప్పడం మానలేదు నాయనా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కష్టపడ్డాడు, తన ఇల్లు తాను పోషించుకున్నాడు. పని చెయ్యాలి, బాగా చెయ్యాలి. కానీ ఎన్ని కుండలు అమ్ముడయ్యాయి అనే లెక్కలోంచి ‘నేనెవరు’ అనే జవాబు తీసుకోకూడదు. కుండలు అమ్ముడుపోని రోజు కూడా సాయంత్రం చేతికి మట్టి మిగులుతుంది. ఆ మట్టికి ఎదురుచూసేవాడు ఒకడున్నాడు.

గడప దాటిన ఓడు, గడపైన రాజు

తిరుమలలో ఇప్పటికీ ఈ మట్టి మర్యాద కొనసాగుతూనే ఉంది. స్వామికి బంగారు గిన్నెలు లేకనా? 1513లో శ్రీకృష్ణదేవరాయలు కొండకు వచ్చినప్పుడు రత్నకిరీటం సమర్పించాడు. ఆయన దేవేరులు చిన్నాదేవి, తిరుమలదేవి పాల నైవేద్యానికి బంగారు గిన్నెలు ఇచ్చారు. శాసనాల్లో ఉంది. అంత వైభవం ఉన్న స్వామికి సంప్రదాయం ప్రకారం మట్టికుండలో, అదీ కొత్త కుండని పగలగొట్టిన సగం ఓడులో, పెరుగన్నం నైవేద్యం పెడతారు. గర్భాలయం గడప దాటి స్వామి ముందుకి వెళ్ళే నైవేద్యం అదేనని పెద్దలు చెబుతారు. రోజూ కొత్త ఓడు కాబట్టి ఆయనకి పళ్ళెం తోమే పని లేదు. అన్నమయ్య కూడా ఆ మాటతోనే స్వామిని పిలిచి మురిసిపోయాడు.

ఆలోచించండి. మన ఇంట్లో కుండ పగిలితే ఏం చేస్తాం? అపశకునం అని వీధిలో పారేస్తాం. అక్కడ పగిలినదానికే ప్రవేశం. "నా మనసు ముక్కలైపోయింది, ఇంక గుడికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అనేవాళ్ళు ఈ ఓడుని గుర్తు పెట్టుకోండి. అతుకు పెట్టుకుని, రంగు వేసుకుని, బాగుపడ్డాక వస్తానని అనకండి. పగిలినది పగిలినట్టే వెళ్ళవచ్చు.

ఆ గడప కథ కూడా వినండి. దాని పేరు కులశేఖర పడి. కులశేఖరుడు చేర దేశపు రాజు, పన్నెండుమంది ఆళ్వార్లలో ఒకడు. ఆయన స్వామిని ఏం కోరుకున్నాడో తెలుసా? ఇంకో రాజ్యం అడగలేదు. నీ కొండ మీద ఒక పక్షిగా పుట్టించు, నీ కోనేటిలో చేపగా పుట్టించు, సంపెంగ చెట్టుగా, వాగుగా, దారిగా ఏదో ఒకటిగా ఉండనీ అని అడుగుతూ అడుగుతూ, చివరికి నీ వాకిట్లో మెట్టుగా పడి ఉండి నీ మోము చూస్తూ ఉంటాను అన్నాడు. సింహాసనం మీద కూర్చున్నవాడు నలుగురూ దాటే రాయిగా ఉంటానన్నాడు.

మన ఇళ్ళల్లో గడపకి పసుపు రాసి బొట్టు పెడతాం. గడప ఎక్కడికీ కదలదు. లోపల గదిలో ఉండదు, బయట వీధిలో ఉండదు. అందరూ దాటుకునే పోతారు. అయినా దాని మీద కాలు వెయ్యనివ్వదు మీ అమ్మమ్మ. ఎందుకు? అక్కడ లక్ష్మి ఉందంటుంది. ‘అందరూ నన్ను దాటి పైకెళ్ళిపోయారు, నేను మాత్రం ఈ ఊళ్ళోనే ఉండిపోయాను’ అని కుమిలిపోయే అన్నయ్యలు, అక్కయ్యలు ప్రతి ఊళ్ళో ఉంటారు. తమ్ముళ్ళు హైదరాబాదులో, అమెరికాలో. అమ్మానాన్నల దగ్గర వీళ్ళు. మీరు వెనకబడినవాళ్ళు కాదండి. మీరు ఆ ఇంటి గడప.

సగమే కనిపించే స్వామి

గుండుగొలను నుంచి భీమడోలు మీదుగా చిన్న తిరుపతి ఎంతో దూరం లేదు. చాలామంది నడిచే వెళ్తారు. అక్కడ స్వయంభువుగా వెలసిన మూర్తిని శ్రద్ధగా చూశారా? మనకి పై భాగమే దర్శనం అవుతుంది. కింది భాగం పుట్టలో ఉందని, పాదాలు కనబడవని స్థలపురాణం. పాదపూజకు లోటు రాకూడదని రామానుజాచార్యులవారు వెనక నిండు మూర్తిని ప్రతిష్ఠించారని చెబుతారు. అందుకే ఒకే గర్భాలయంలో ఇద్దరు మూర్తులు.

మరి ముందున్న స్వామిని ఎవరైనా ‘సగం దేవుడు’ అన్నారా? అనలేదు. కనిపించేది సగం, ఉన్నది నిండు అని మనకి తెలుసు. రాయిలో ఉన్న స్వామికి ఇచ్చిన ఈ నమ్మకం రక్తమాంసాలున్న మన పిల్లవాడికి ఎందుకు ఇవ్వం? వాడిలో మనకి కనబడింది ఆరు సబ్జెక్టులు. మట్టి కింద ఎంత ఉందో వాడికే తెలియదు.

ఇంకో సంగతి. అక్కడ ఆ స్వయంభూ మూర్తికి అభిషేకం చెయ్యరు. ఒక్క నీటిచుక్క పడినా పుట్టలోని చీమలు కదిలిపోతాయని పెద్దలు చెబుతారు. అభిషేకప్రియుల కథలు మనకి చాలా తెలుసు. చీమలకి ఇబ్బంది అవుతుందని స్నానమే మానుకున్న స్వామి మన పక్కనే ఉన్నాడు. ఆయన చీమని ‘నువ్వేం చేస్తావు?’ అని అడగలేదు. చీమ ఆ పుట్టలో ఉంది, ఉండాలి. ఆయన దృష్టిలో చీమకే అంత చోటు ఉంటే, ‘నేను లేకపోతే ఎవరికి నష్టం’ అని నువ్వెలా అంటావు నాయనా?

సంగడి కట్టుకోండి

చివరగా మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్దాం. దోనె ఒక్కటే ఉంటే ఒరుగుతుంది. కొంచెం గాలి వచ్చినా, ఎక్కినవాడు అటూ ఇటూ కదిలినా ప్రమాదం. అందుకని మనవాళ్ళు రెండు దోనెల్ని పక్కపక్కన చేర్చి కట్టేవారు. అలా కట్టినదాన్ని సంగడి అంటారు. తెలుగులో స్నేహానికి కూడా సంగడి అనే పేరు. సంగడీడు అంటే స్నేహితుడు. భాషే మనకి బోధ చేస్తోంది. రెండు దోనెల్లో ఏదీ పెద్దది కాక్కర్లేదు, ఏదీ గట్టిది కాక్కర్లేదు. ఒరిగే రెండు దోనెలు కలిస్తే ఒరగవు.

‘నేను దేనికీ పనికిరాను’ అనే ఆలోచన మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే పెరుగుతుంది. రాత్రి రెండింటికి అది కొండంత ఉంటుంది. పక్కన ఒకరుంటే, నోరు విప్పి చెప్పుకుంటే, అది తగ్గుతుంది. కాబట్టి అలాంటి ఆలోచన వస్తే దాచుకోకండి. అమ్మకి చెప్పండి, అమ్మకి చెప్పలేకపోతే అత్తయ్యకి, మాస్టారికి, స్నేహితుడికి చెప్పండి. ఎవరూ లేరనిపిస్తే ఫోన్‌లో 14416 నొక్కండి. అది టెలి మానస్, ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సహాయం. పగలూ రాత్రీ ఉంటుంది. తెలుగులో మాట్లాడవచ్చు. జపం చేసుకోండి, దాంతోపాటు ఆ ఫోన్ కూడా చెయ్యండి. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళండి. జ్వరానికి మందు వేసుకుంటే దేవుడి మీద నమ్మకం లేనట్టా? ఇదీ అంతే. సంగడి కట్టే తాడు ఎవరి చేతిలో ఉన్నా అది స్వామి పంపిన తాడే.

ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఒక చిన్న నియమం చెబుతాను. ఈ శనివారం నుంచి మొదలుపెట్టండి. దేవుడి గూట్లో పూజ అయ్యాక ఒక చిటికెడు తడిమట్టి తీసుకుని, వచ్చినట్టు ఒక పువ్వు చేసి స్వామి ముందు పెట్టండి. అందంగా రాకపోయినా ఫరవాలేదు, అందుకే చెయ్యమంటున్నాను. పిల్లలచేత కూడా చేయించండి. తర్వాత లేచి, ఇంట్లో ఒక మనిషి దగ్గరికి వెళ్ళి, వాళ్ళ పని గురించి, మార్కుల గురించి, సంపాదన గురించి కాకుండా ఒక్క మాట మాట్లాడండి. "నువ్వు ఇంట్లో ఉంటే నాకు బాగుంటుంది రా" అనండి. మొదట్లో నోరు తిరగదు. కొడుకు ఆశ్చర్యంగా చూస్తాడు. "ఏంటి నాన్నా, ఒంట్లో బాలేదా?" అని కూడా అడుగుతాడు. అడగనివ్వండి. రెండో శనివారం మళ్ళీ అనండి.

ఇక ఆ ‘వేస్ట్’ అనే మాట. అన్నం గురించి అనండి, కరెంటు గురించి అనండి. మనిషి గురించి మాత్రం ఈ రోజు నుంచి అనకండి. అద్దంలో కనిపించే మనిషి గురించి కూడా అనకండి.

ఏడుకొండలవాడు, మన చిన్న తిరుపతి వెంకన్న, మీ ఇళ్ళల్లో ప్రతి ఒక్కరినీ తన పాదాల దగ్గరి మట్టి పువ్వులా కాపాడాలని కోరుకుంటూ,

ఓం నమో వేంకటేశాయ. శుభం.